పాతకాలపు ‘కరెంటు వైద్యం’ పరికరాలను గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ వస్తువుని బూటకపు పరికరం అనాలి?

దాదాపు 1850 నుంచి 1950 దాకా అమెరికాలో, ఇంగ్లండులో, ఫ్రాన్సులో ఇంటి వైద్యం పేరిట అమ్మిన కరెంటు పెట్టెలు, బెల్టులు, గాజు గొట్టాలు చాలానే ఉన్నాయి. అవన్నీ బూటకాలు కావు. పెట్టెలో ఉన్న తీగచుట్ట అబద్ధమాడదు, ఆడేది మూత లోపల అంటించిన కాగితం. ఆ తీగచుట్టనే అప్పటి డాక్టర్లు కూడా వాడారు, పడిపోయిన కండరంలో కదలిక మిగిలిందో లేదో చూడటానికి. అదే చుట్టకి ‘మూర్ఛ, చెవుడు, మలబద్ధకం, మగతనం లోపం అన్నిటికీ ఇదొక్కటే మందు’ అని చీటీ అంటిస్తే బూటకమైంది.

కాబట్టి ప్రతి వస్తువు విషయంలో రెండు సంగతులు విడివిడిగా తేల్చుకోవాలి. ఇది నిజానికి ఏం పుట్టిస్తుంది? ఏం నయం చేస్తానంటుంది? కాగితం పోయిన పెట్టె గురించి మొదటిది మాత్రమే చెప్పగలం. అందుకే చిరిగిన కరపత్రమైనా, సగం ఊడిన లేబులైనా పారేయకండి.

వస్తువు చేతికి రాగానే మొదట ఏం చేయాలి?

ప్లగ్గులో పెట్టకూడదు. బ్యాటరీ వేయకూడదు. పిడి ఉంటే తిప్పకూడదు. ముందు ఫోటోలు తీయండి: మూత తెరిచినప్పుడు ఏ ముక్క ఏ గూట్లో ఉంది, ఏ తీగ ఏ మరకు బిగించి ఉంది, లేబులు, అడుగు భాగం. ఒక్కసారి సామాను కలిసిపోతే ఏది అసలుదో ఏది తరవాత చేరిందో చెప్పడం కష్టం.

తరవాత దిక్సూచి, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, మల్టీమీటరు దగ్గర పెట్టుకోండి. గుర్తింపులో ముప్పాతిక పని ఈ మూడింటితోనే అయిపోతుంది.

పిడి తిప్పితే షాకు కొట్టే చెక్కపెట్టె దొరికింది. ఇదేమిటి?

ఎక్కువగా కనిపించే రకం ఇదే. పొడవు పది అంగుళాల దాకా ఉంటుంది, పక్కన పిడి, లోపల గుర్రపు నాడా ఆకారపు ఉక్కు అయస్కాంతం, దాని కొసల ముందు ఒకే ఇరుసు మీద తిరిగే రెండు తీగచుట్టలు, పట్టుకోవడానికి రెండు ఇత్తడి గొట్టాలు. మూత లోపల ‘నరాల జబ్బులకు మాగ్నెటో ఎలక్ట్రిక్ మెషీన్’ అన్న అర్థంలో ఇంగ్లీషు లేబులు ఉంటే అది 1854లో అమెరికాలో పేటెంటు పొందిన డేవిస్ అండ్ కిడ్డర్ రకం. తరవాత చాలామంది దాన్ని కాపీ కొట్టారు. కాబట్టి 1854 అన్నది పేటెంటు సంవత్సరమే, మీ పెట్టె తయారైన సంవత్సరం అనుకోవద్దు.

ఇరుసు మీద ఆనుకునే సన్నని స్ప్రింగు రేకుని దగ్గరగా చూడండి. చుట్టలు తిరుగుతున్నంతసేపు ఆ రేకు సర్క్యూట్‌ను కలుపుతూ తుంచుతూ ఉంటుంది. తుంచిన ఆ క్షణంలోనే వోల్టేజి ఎగసి చేతికి జిల్లుమంటుంది. ‘చుట్టలు బాగానే ఉన్నాయి, షాకు మాత్రం రావడం లేదు’ అనే పెట్టెల్లో తప్పు తరచు ఇక్కడే ఉంటుంది: రేకు అరిగిపోయి ఉంటుంది, లేదా నూనె, మురికి పేరుకుని ఉంటుంది. ఇంకో కారణం అయస్కాంతం నీరసించడం. కొసల మధ్య ఇనప ముక్క అడ్డం పెట్టకుండా దశాబ్దాలు వదిలేస్తే బలం తగ్గిపోతుంది.

దీనితో తికమకపడే వస్తువులు రెండు. ఒకటి పాత టెలిఫోను గంట మోగించే మాగ్నెటో: అందులో ఒకటి కాదు, సాధారణంగా వరసగా మూడు నుంచి అయిదు నాడా అయస్కాంతాలు ఉంటాయి, తిరిగేది రెండు చుట్టలు కాదు, అయస్కాంతాల కడుపులో ఇమిడే ఒకే ఇనప దిమ్మె. రెండోది ఎలక్ట్రీషియన్లు ఇన్సులేషన్ చూసే మెగ్గర్: దానికి ముల్లు తిరిగే స్కేలు ఉంటుంది. ఈ రెండింటికీ చేతిలో పట్టుకునే ఇత్తడి గొట్టాలు ఉండవు. ఎవరైనా తగిలించి ‘వైద్య పరికరం’ అని అమ్మితే అది అతుకు.

పిడి లేదు, బ్యాటరీ గది ఉంది. ఆన్ చేస్తే బుయ్యిమని మోగేదట.

అది ఇండక్షన్ కాయిల్ పెట్టె. లావు తీగ చుట్ట లోపల, దాని మీద జుట్టంత సన్నని తీగ చుట్ట. పక్కన ఇనప మొన ఉన్న స్ప్రింగు, తలుపు గంటలో లాగా కొట్టుకుంటూ కరెంటును తుంచుతుంది. బుయ్యిమనే మోత దానిదే. అమెరికన్ పెట్టెల్లో చాలావాటికి ఆరంగుళాల ఎత్తు నంబర్ 6 డ్రై సెల్ సరిపడే గది ఉంటుంది, అది 1.5 వోల్టులదే. పారిస్‌లో గైఫ్ కంపెనీ చేసిన చిన్న మహాగనీ పెట్టెల్లో పాదరసపు లవణంతో పనిచేసే చిట్టి సెల్లులు ఉండేవి. అలాంటి పెట్టె అడుగున తెల్లని లేదా పసుపు పొడి కనిపిస్తే వేలితో తాకొద్దు, ఊదొద్దు. గ్లవ్స్ వేసుకుని తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డని మూసిన డబ్బాలో పెట్టండి.

షాకు తగ్గించడానికి పెంచడానికి రెండు పద్ధతులు. ఒకటి, చుట్ట మీద తొడుగులా జారే ఇత్తడి గొట్టం, దాన్ని బయటికి లాగే కొద్దీ షాకు పెరుగుతుంది. కొన్నవాళ్ళు ఇది ‘ఊడొచ్చింది’ అనుకుని జిగురు పెట్టి అంటిస్తారు, ఆ పని చేయొద్దు. రెండోది, పై చుట్ట బల్లమీది పట్టాలమీద జరిగే జర్మన్ పద్ధతి.

మల్టీమీటరుతో లావు తీగ చుట్ట ఒకటి రెండు ఓములు (కరెంటుకి తీగ ఇచ్చే అడ్డు కొలత) చూపాలి, సన్న తీగ చుట్ట వందల్లో, ఒక్కోసారి వేలల్లో చూపుతుంది. సన్న తీగకు ఏ అంకే రాకపోతే అది ఎక్కడో తెగింది. ఎక్కువగా తెగేది బయటి కొస మరకు చేరే చోట.

గాజు గొట్టాలు, నల్లని పిడి, ఎర్ర లేదా ఊదా మఖమలు గూళ్ళున్న పెట్టె?

అమ్మేవాళ్ళు దీన్ని వైలెట్ రే అంటారు. ప్రధానంగా 1910 నుంచి 1940ల దాకా వచ్చింది. అమెరికాలో డెట్రాయిట్ రెన్యులైఫ్, షికాగోలో బ్లీడన్-డన్ వారి వైలెటా, మాస్టర్, ఇంగ్లండులో రోజర్స్ వైటలేటర్, ఇంకా ఎన్నో పేర్లు. లోపల ఒకటే సంగతి: కరెంటును తుంచే వైబ్రేటరు, ఒక కెపాసిటరు, పిడిలో మైనం పోసి మూసిన, వోల్టేజిని బాగా పెంచే టెస్లా రకం చుట్ట. కొన వోల్టేజి వేలల్లో, కరెంటు అతి కొద్ది, ఫ్రీక్వెన్సీ ఎక్కువ. అందుకే చర్మం మీద చిటపటమంటుంది గాని, మామూలు మెయిన్స్ (గోడ ప్లగ్గు కరెంటు) షాకులా పట్టుకోదు.

గొట్టాల ఆకారం బట్టి వాడకం: పుట్టగొడుగు లాంటిది ముఖానికి, దువ్వెన తలకి, వంపు తిరిగినది గొంతుకి, కప్పులాంటిది కంటికి, సన్నగా పొడుగ్గా ఉండేవి ఎక్కడికో చెప్పాల్సిన పని లేదు. చేతిలో పట్టుకునే ఇనప రాడ్డు ఒకటి ఉంటుంది, దానిని పట్టుకుంటే ఒంటికంతా కరెంటు ఎక్కుతుందనేవారు. కరపత్రంలో చుండ్రు దగ్గర మొదలై వంద దాటిన జబ్బుల జాబితా ఉంటుంది. ఆ జాబితా ఉన్న పెట్టెకి, లేని పెట్టెకి ధరలో తేడా బాగా ఉంటుంది.

పేరులో వైలెట్ ఉన్నా ఇది అతినీలలోహిత దీపం కాదు. గొట్టపు గాజు ఆ కిరణాలను దాదాపు ఆపేస్తుంది. నిజమైన అతినీలలోహిత దీపాలకు క్వార్ట్జ్ కావాలి, అవి వేరే జాతి. అవి వెలిగితే కళ్ళు పాడవుతాయి.

ఒక గొట్టం ఊదా రంగులో, ఇంకోటి నారింజలో వెలుగుతుందట. ఏది అసలుది?

రెండూ అసలువే కావచ్చు. గాలిని చాలావరకు తీసేసిన గొట్టం, ఆర్గాన్ నింపిన గొట్టం నీలం-ఊదాలో వెలుగుతాయి, నియాన్ అయితే నారింజ-ఎరుపు. ఏ వెలుగూ లేకుండా మూతి దగ్గర చిన్న స్పార్కు మాత్రం వస్తే గొట్టం లోకి గాలి చొరబడింది. దానికి మరమ్మతు లేదు, గూట్లో అందానికి ఉంచుకోవాల్సిందే.

ఒక జాగ్రత్త. బ్యూటీ పార్లర్లలో ‘హై ఫ్రీక్వెన్సీ’ అని ముఖం మీద తిప్పే యంత్రం ఈ జాతిదే, ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఆ గొట్టాలు పాత పెట్టెల ఖాళీ గూళ్ళలోకి చేరుతున్నాయి. లోహపు మూతి వ్యాసం పిడి రంధ్రానికి సరిగ్గా పట్టిందా, మఖమలు గుంట ఆకారం గొట్టానికి సరిపోయిందా చూడండి. పాత మఖమలు మీద ఆ గొట్టం నీడ పడిన చోట రంగు ముదురుగా ఉంటుంది. ఆ ముదురు ఆకారం దువ్వెనదై, గుంటలో పుట్టగొడుగు ఉంటే సమాధానం మీకే తెలుస్తుంది.

కరెంటు బెల్టుల్లో నిజంగా కరెంటు ఉండేదా?

కొన్నిట్లో కొంచెం ఉండేది. 1850 ప్రాంతంలో వచ్చిన పుల్వర్‌మాకర్ గొలుసు నిజమైన బ్యాటరీ: చిన్న చెక్క పుల్లల మీద రాగి తీగ, జింకు తీగ ఒకదాని పక్కన ఒకటి ఆనకుండా చుట్టి గొలుసులా కలిపారు. వెనిగర్‌లో ముంచితే ప్రతి పుల్ల ఒక సెల్లు. వంద పుల్లలు దాటిన గొలుసు గట్టి షాకే కొడుతుంది. గుర్తుపట్టడానికి పుల్లల మీద ఎర్రదనం, తెల్లబూడిద రంగు పక్కపక్కనే చారలుగా కనిపించాలి. చెక్కలోకి నల్లని మచ్చలు పాకి ఉంటే వాడిన గొలుసు.

తరవాతి బెల్టుల్లో చాలా వాటికి రాగి, జింకు బిళ్ళలు గుడ్డకి కుట్టి ఉంటాయి, తడి చేయమని చెబుతారు. అమెరికాలో తపాలా ద్వారా సరుకులమ్మే సియర్స్ రోబక్ కంపెనీ 1900 తరవాతి కేటలాగుల్లో హైడెల్‌బర్గ్ బెల్టును అమ్మింది, బలమైన రకం 18 డాలర్లు. మగవాళ్ళ బెల్టుకి ముందు వైపు సంచీలాంటి వేలాడే భాగం ఉంటుంది. అది తెగిపోయిన ముక్క కాదు, అమ్మకమే దాని మీద జరిగింది. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో హార్నెస్ అనే ఆయన మెడికల్ బ్యాటరీ కంపెనీ పేరుతో ‘ఎలక్ట్రోపతిక్’ బెల్టులు అమ్మి, 1890లలో రచ్చకెక్కాడు.

పరీక్ష సులభం: రాగి బిళ్ళ నుంచి జింకు బిళ్ళ వరకు మల్టీమీటరు పెట్టి, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన దూది ముక్క ఉంచండి. మంచి బెల్టు అయితే వోల్టు కంటే కాస్త తక్కువ చూపుతుంది. అంటే బెల్టు పనిచేస్తున్నదని కాదు. ఒక నిమ్మకాయలో రాగి, జింకు గుచ్చినా అంతే వస్తుంది. బెల్టు గుడ్డని మాత్రం తడపకండి, పాత లోహపు ఉప్పులు కరిగి దారాలను తినేస్తాయి.

కరెంటే లేని ‘కరెంటు’ వస్తువులూ ఉన్నాయా?

బోలెడు. 1880లలో పేరెక్కిన డాక్టర్ స్కాట్ ఎలక్ట్రిక్ జుట్టు బ్రష్ వెనక పిడుగుల్ని పిడికిట పట్టిన చెయ్యి, విద్యుత్తే జీవానికి మూలమన్న నినాదం చెక్కి ఉంటాయి. అందులో తీగా లేదు, సెల్లూ లేదు. పిడిలో దాచిన అయస్కాంతపు ఇనప కమ్మీలున్నాయి. కొనేవాడికి నమ్మకం కలగడానికి బ్రష్‌తోపాటు చిన్న దిక్సూచి ఇచ్చేవారు. ముల్లు తిరిగిందా, ‘చూశారా కరెంటు’. మీ దిక్సూచిని పిడి పొడవునా మెల్లగా జరిపితే ముల్లు రెండు చోట్ల తిరగబడుతుంది. తిరగకపోతే కమ్మీ పోయిందని, లేదా అయస్కాంతం చచ్చిందని అర్థం.

హెర్క్యులిస్ శాంచె అనే ఆయన అమ్మిన ఆక్సిడోనర్ ఇంకా నిర్మొహమాటమైన వస్తువు. మూసిన లోహపు గొట్టం, ఒక తీగ, చీలమండకి కట్టుకునే పట్టీ. గొట్టాన్ని చల్లని నీటిలో పెట్టి, పట్టీ కాలికి కట్టుకుని పడుకోవాలి. దానికన్నా ముందు వచ్చిన ఎలక్ట్రోపాయిజ్ గొట్టంలో అయితే ఏమీ లేదు. ఆక్సిడోనర్‌లో బొగ్గు కడ్డీ పెట్టాడు. ఊపితే లోపల కదిలినట్టు అనిపించేది అదే. గొట్టం కోసి చూడాలన్న కోరిక పుట్టడం సహజం, కోసిన గొట్టానికి విలువ మాత్రం ఉండదు.

ఇంగ్లండులో ఎక్కువ దొరికే మకౌరా పల్సొకాన్‌ను కూడా చాలామంది ‘పాత కరెంటు షాకు యంత్రం’ అని అమ్ముతారు. పిడి తిప్పితే గేర్లు తిరిగి, అడుగున ఉన్న బిళ్ళ అదురుతుంది. తీగే లేదు. ఇది అదిరించే యంత్రం, షాకు యంత్రం కాదు.

మెడలో దండలా వేసుకునే లావు తీగచుట్ట ఉంది. ప్లగ్గు కూడా ఉంది.

1920ల మధ్య లాస్ ఏంజెలిస్‌లో గేలార్డ్ విల్షైర్ అమ్మిన ఐ-ఆన్-ఎ-కో, లేదా దాన్ని చూసి వచ్చిన థెరనాయిడ్ లాంటిది కావచ్చు. లాస్ ఏంజెలిస్‌లోని విల్షైర్ బూలెవార్డ్ ఆయన పేరుదే. తోలులాంటి గుడ్డ చుట్టిన పెద్ద తీగచుట్ట, ఎ.సి. కరెంటుకి తగిలిస్తారు. దానితోపాటు చిన్న బల్బు బిగించిన చిట్టి చుట్ట ఇస్తారు. దాన్ని పెద్ద చుట్ట దగ్గరకు తెస్తే బల్బు తనంతట తనే వెలుగుతుంది. ఆ వెలుగు నిజమే, ట్రాన్స్‌ఫార్మరు సూత్రం అదే. బల్బు వెలిగింది గనక ఒంట్లో రక్తానికీ ఏదో జరుగుతుందన్న చోటే బూటకం. ఈ చిట్టి చుట్ట జత కలిసి ఉన్న సెట్టు అరుదు.

డయళ్ళు, నాబులు, ఓములు రాసిన నల్లపెట్టె, ఏ తీగ దేనికి కలుస్తుందో అంతుబట్టదు?

శాన్ ఫ్రాన్సిస్కోలో ఆల్బర్ట్ ఏబ్రమ్స్ అనే డాక్టరు మొదలుపెట్టిన వంశం అది. కాగితం మీద ఎండిన రక్తపు చుక్క పెట్టి జబ్బు చెప్పేది డైనమైజర్, నయం చేసేది ఆసిలోక్లాస్ట్. దాన్ని ఎక్కువగా అద్దెకిచ్చేవారు, తెరవకూడదని ఒప్పందం రాయించుకునేవారు. అందుకే సీలు ఊడని పెట్టెలు ఇంకా దొరుకుతాయి. కోడిపుంజు రక్తం పంపినా జబ్బుల జాబితా తిరిగొచ్చిందన్నది ఆ రోజుల్లో పేరుమోసిన సంగతి. ఏబ్రమ్స్ 1924లో పోయినా, అనుచరులు 1950ల దాకా ఇలాంటివి చేస్తూనే ఉన్నారు.

గుర్తు: లోపల రెసిస్టెన్సు పెట్టెలా (కరెంటుకి కావలసినంత అడ్డు పెట్టే ల్యాబ్ పరికరంలా) చుట్టలు, మధ్యలో ఎక్కడికీ కలవని తీగలు, ముందు వైపు మాత్రం ఎంతో శ్రద్ధగా చెక్కిన అంకెలు. నిజమైన ల్యాబ్ రెసిస్టెన్సు పెట్టెకి అంకెల పక్కన కొలత ఏ ప్రమాణంలో ఉందో ఉంటుంది, మీటరు పెడితే ఆ విలువే చూపుతుంది. ఇక్కడ డయల్ తిప్పినా విలువ అంకెలతో పొంతన కుదరదు.

టార్చిలైటు లాంటి గొట్టం, చివర తిరిగే లోహపు రోలరు. బూటకమేనా?

దాని పేరు ఎలక్ట్రీట్, అమెరికా ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలో చార్లెస్ కెంట్ చేయించినది, 1919 పేటెంటు. మామూలు టార్చి సెల్లులు, లోపల చిన్న ఇండక్షన్ కాయిల్. దీన్ని నిర్ణయించడం తేలిక కాదు. ఇప్పుడు ఫిజియోథెరపీ సెంటర్లలో నొప్పికి పెట్టే టెన్స్ యంత్రానికి ఇది పూర్వీకుల వరసలో ఉంటుంది. అయినా అమ్మేటప్పుడు నొప్పితో ఆగలేదు, ఇంకా ఎన్నో నయమవుతాయన్నారు. అమెరికాలో 1906 నాటి ఆహార, మందుల చట్టం పరికరాల జోలికి పోలేదు. 1938 చట్టం వచ్చాక అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చేతికి మొదట చిక్కిన పరికరాల్లో ఇదొకటి. అందుకే పెట్టె మీద వాదనలు ఎంత పొడుగ్గా ఉంటే అంత పాతది అనుకోవచ్చు.

కాలం ఎలా కట్టాలి?

ఒక్క గుర్తుతో తేల్చకండి, మూడు గుర్తులు ఒకే చోట కలవాలి. బేకలైట్ (తొలితరం గట్టి ప్లాస్టిక్) భాగం ఉంటే 1910కి ముందుది కాదు. నల్లని ఎబొనైట్ రబ్బరు ముందునుంచీ ఉంది, ఎండ తగిలి ఆకుపచ్చ గోధుమ రంగుకి తిరిగి, వేలితో రుద్దితే గంధకం వాసన వేస్తుంది. కూడిక గుర్తు (+) ఆకారపు గుంట ఉన్న ఫిలిప్స్ మరలు 1930ల మధ్య తరవాతివి. అవి పాత పెట్టెలో ఉంటే మరమ్మతు జరిగింది. తీగ చివర బల్బు హోల్డరులో తిప్పే మూతి ఉంటే గోడ ప్లగ్గులు ఇంకా మామూలు కాని రోజులది, అంటే ఎక్కువగా 1920ల దాకా వచ్చినది అనుకోవచ్చు. అమెరికా పేటెంటు అంకె ఇంకా ఖచ్చితం: పది లక్షలో పేటెంటు 1911లో వచ్చింది. అంతకు మించిన అంకె ఉన్న పెట్టె ఆ ఏడుకి ముందుది కాలేదు. వస్తువు మీద చిరునామాలో జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) ఉంటే 1963 తరవాతి ముద్ర.

నకిలీని, అతుకుల బొంతని ఎలా పట్టుకోవాలి?

పూర్తి నకిలీలు తక్కువ. రెండు మూడు విరిగిన పెట్టెల నుంచి ఒకటి కట్టేవారు ఎక్కువ. లేబుల్‌ను భూతద్దంతో చూడండి: పాత అచ్చులో అక్షరం అంచు కాగితంలోకి కాస్త నొక్కుకుని ఉంటుంది. ప్రింటరు నుంచి వచ్చినది రంగు చుక్కల గుంపు.   మరలు తీసి బిగించిన గుర్తులు, మర చుట్టూ కొత్త గీతలు, లోపల కొత్త నీలం, ఎరుపు ప్లాస్టిక్ తీగలు ఉంటే ధర తగ్గించి మాట్లాడండి.

శుభ్రం ఎలా చేయాలి?

కనీసంగా. ఇత్తడిని చింతపండుతో తోమేయాలన్న ఆత్రం ఆపుకోండి: ఆ పసుపు మెరుపు మీద ఫ్యాక్టరీలో వేసిన లాకర్ పూత ఉండేది, అది ఊడితే మళ్ళీ రాదు. పొడి బ్రష్, మెత్తని గుడ్డ, చెక్కకి కొద్దిగా తేనెమైనం చాలు. పాత షెల్లాక్ (లక్కతో చేసిన) పూత మీద స్పిరిట్ వాడితే కరిగి అంటుకుంటుంది. గుడ్డ చుట్టిన తీగల్ని వంచొద్దు, లోపలి రబ్బరు పెళుసై విరుగుతుంది. పిడి చివర మైనం కారి గట్టిపడి ఉంటే అది ఎవరో ఎక్కువసేపు నడిపారనడానికి సాక్ష్యం, గీకేయకండి.

ఒకసారి ఆన్ చేసి చూడొచ్చా?

మెయిన్స్‌తో నడిచేవాటిని వద్దు. అమెరికా నుంచి తెచ్చిన వైలెట్ రే 110 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే వైబ్రేటరు, కెపాసిటరు మాడిపోతాయి. సరైన వోల్టేజి ఇచ్చినా చెడిన ఇన్సులేషన్ వల్ల మెయిన్స్ కరెంటే నేరుగా పిడికి చేరవచ్చు, ఆ షాకు ప్రాణం తీస్తుంది. దాని ఓజోన్ వాసన కూడా ఊపిరికి మంచిది కాదు.

చేతిపిడి మాగ్నెటోని మాత్రం ఒంటికి తగలకుండా పరీక్షించవచ్చు: రెండు ఇత్తడి గొట్టాల మధ్య చిన్న నియాన్ బల్బు క్లిప్పులతో తగిలించి, పిడి మెల్లగా తిప్పండి. అరవై నుంచి తొంభై వోల్టులు దాటిన ప్రతిసారీ బల్బు తళుక్కుమంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఆ గదిలో ఉండకపోవడమే మేలు. ఎవరి ఒంటికీ తగిలించకండి, సరదాకైనా.

రేడియం పేరున్న పెట్టెల సంగతేమిటి?

అవి కరెంటువి కాకపోయినా ఇదే దుకాణంలో దొరుకుతాయి. ‘రేడియో’, ‘రేడియం’ అన్న మాటలున్న నీటి కూజాలు, పట్టీలు నిజంగానే రేడియోధార్మికమై ఉండొచ్చు. రివిగేటర్ కూజా అలాంటిదే. తెరవకండి, అందులో నీళ్ళు పోయకండి, గీగర్ కౌంటరు ఉన్నవారి చేత కొలిపించండి.

భారతదేశంలో కొనడానికి, అమ్మడానికి ఆంక్షలున్నాయా?

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో, ముంబై చోర్ బజార్‌లోనో ఇలాంటివి కనిపిస్తే కొనడానికి ఇబ్బంది లేదు. నూరేళ్ళు నిండిన వస్తువు 1972 పురావస్తు చట్టం పరిధిలోకి రావచ్చు, దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. విదేశంలో ఉన్న పిల్లలకి పార్సిలు వేసేముందు పురావస్తు శాఖ నుంచి ‘ఇది పురావస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం తీసుకోవాలి. అక్కణ్ణుంచి ఇక్కడికి తెచ్చుకునేవారు కొన్న రసీదు దాచుకుంటే తరవాత వయసు గురించి వాదన ఉండదు.

అమ్మకపు ప్రకటనలో ఒక మాట తప్పక చూసుకోవాలి. ‘ఇప్పటికీ పనిచేస్తుంది, పక్షవాతానికి మంచిది’ అని రాస్తే 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం మీకు చుట్టుకుంటుంది. ‘1920ల వైలెట్ రే, ప్రదర్శనకు మాత్రమే, వైలెట్ గొట్టం ఒకటి పగిలింది’ అని ఉన్నదున్నట్టు రాయండి.